గ్లాసు ముట్టుకుంటే బావకొచ్చే నొప్పి

ఏమన్నావూ? మీ తాతని నేనే చంపబోయానని మీ నానమ్మ చెప్పిందా? చెబుతుంది, ఎందుకు చెప్పదు! ముందు ఆ తలుపు దగ్గరికి వెయ్యి. చెవుడు చెవుడంటుంది గానీ, తన మాట వచ్చిందంటే మా అక్కకి రెండు గదుల అవతలికి కూడా వినిపిస్తుంది. అలా మంచం అంచున కూర్చోకు, ఆ కుర్చీ లాక్కో. మీ కాలేజీలో చెప్పారన్నావు చూడూ, ఏదో ఒక రకం కేన్సర్లో ఆల్కహాలు తాగితే గడ్డలు నొప్పి పెడతాయనీ, అది కూడా వందలో ఏ ఇద్దరు ముగ్గురికో అనీ, పరీక్షలో ఒక మార్కుకి అడుగుతారనీ? ఆ ఒక మార్కు ప్రశ్న మనింట్లో కాపురం చేసి పోయింది తల్లీ. రాసుకుంటానంటావా? రాసుకోవడానికేం లేదు, విను చాలు.

మీ తాత, అంటే మా బావ, బోర్డులు రాసేవాడని తెలుసుగా. ఇప్పుడంటే అచ్చు వేయించి తగిలించేస్తున్నారు, అప్పట్లో ప్రతి అక్షరం కుంచెతోనే. నిచ్చెన మీద నిలబడి, మెడ వెనక్కి విరిచి, కుడి చెయ్యి పైకెత్తి, రోజంతా అదే పని. అక్షరం గుండ్రంగా రావాలంటే ఊపిరి బిగబట్టాలనేవాడు. ఆ బిగబట్టిన కాసేపే ఆయన నోరు మూతపడేది. మిగతా టైమంతా వేళాకోళాలే. పళ్ళ డాక్టరు బోర్డు సంగతి చెప్పానా నీకు? నవ్వుతున్న మొహం ఒకటి గియ్యమన్నాడాయన. మా బావ గీశాడు, బ్రహ్మాండంగా గీశాడు, గీసి ముందు పన్నొకటి నల్లరంగుతో తీసేశాడు. నెల రోజుల దాకా ఆ డాక్టరు చూసుకోలేదు. చూసుకుని గొడవకొస్తే, "అందరి పళ్ళూ బాగుంటే మీ గుమ్మం ఎవరెక్కుతారండీ?" అన్నాడు. అదీ మనిషి. అలాంటివాడు నొప్పి అంటే ఎవరు నమ్ముతారు చెప్పు? నేనూ నమ్మలేదు.

మొదట నొప్పి కాదులే, దురద. కాళ్ళు, వీపు, మోచేతులు, ఒకచోటని లేదు. చర్మం మీద చూస్తే ఏమీ లేదు, ఆయన గోక్కున్న గీతలు తప్ప. పెద్ద కుంచె తిరగేసి దాని కర్రతో వీపు గోక్కునేవాడు. రంగుల్లో కలిపే టర్పెంటైను పడలేదన్నారందరూ. అనరా మరి, ఇరవై ఏళ్ళుగా అందులోనే మునిగి తేలుతున్న మనిషి. అక్క సబ్బు మార్చింది, దుప్పట్లు మార్చింది, చివరికి పరుపు కూడా మార్చింది. నేను మందుల షాపులో కౌంటర్లో ఉండేవాణ్ణి కదా, ఏ కొత్త ఆయింట్‌మెంటు వచ్చినా మొదటి ట్యూబు మా బావకే. ఏదీ తగ్గించలేదు. పైగా మనిషి చిక్కిపోతున్నాడు. అక్క ఆయన ప్యాంట్లు రెండుసార్లు బిగించి కుట్టింది. నిచ్చెనెక్కి దిగేవాడు చిక్కక బలుస్తాడా అనుకున్నాం.

ఇక అసలు సంగతి. శనివారం సాయంత్రాలు నేను షాపు నుంచి, ఆయన పని నుంచి వచ్చి, పెరట్లో ఆయన రంగుల గదిలో కూర్చునేవాళ్ళం. చెరొక గ్లాసు. మహా అయితే ఇంకో సగం. తాగుబోతులం కాదమ్మా, అలా చూడకు. మీ నానమ్మ దృష్టిలో మాత్రం మేమిద్దరం సంసారాలు ముంచేసే రకం. ఒకరోజు షాపుకొచ్చింది. పక్కన ఎవరూ లేకుండా చూసి, "ఒరేయ్, తాగుడు మాన్పించే పొడి ఉంటుందటగా, తెలియకుండా కాఫీలో కలపాలట, ఇస్తావా చస్తావా?" అంది. మందు ఉందిలే, కానీ అది డాక్టరు చెప్పకుండా, మనిషికి తెలియకుండా ఇచ్చేది కాదు. అది పడ్డాక తాగితే ప్రాణం మీదికొస్తుంది. ఆ మాటే చెప్పాను. "నువ్వివ్వకపోతే అవతలి బజారువాడిస్తాడు" అంది. ఇస్తాడు కూడా, వాడి సంగతి నాకు తెలుసు. అందుకని లోపలికెళ్ళి, గ్లూకోజు డబ్బా తీసి, ముప్పై పొట్లాలు కట్టి తెచ్చి, చాలా పెద్ద మందు ఇస్తున్నట్టు మొహం పెట్టి చేతిలో పెట్టాను. నవ్వుతావేంటి? బావ ప్రాణానికి ముప్పు లేకుండా చేశాను. సరే సరే, నీ దగ్గర దాచడమెందుకు, బావ మానేస్తే శనివారాలు నేనెవరితో కూర్చోను?

కాఫీ తియ్యనైంది. "ఏమిటే, పంచదార ఎక్కువవుతోంది?" అంటే "ప్రేమ ఎక్కువైంది లెండి" అనేది మా అక్క, నావైపు కన్ను గీటి. మూడు వారాలు గడిచాయి. శనివారం బావ గ్లాసెత్తాడు. రెండు గుక్కలు తాగాడో లేదో, ఐదు నిమిషాల్లో, ఇదిగో ఇక్కడ, కాలరు కింద, ఎముక పైన గుంట ఉంటుంది చూడు, అక్కడ పట్టుకుని మెలికలు తిరిగిపోయాడు. మేకు దిగ్గొట్టినట్టుందిరా అన్నాడు. "నటించకు బావా, నా గ్లాసు కూడా కాజెయ్యడానికేగా!" అన్నాను. అరగంటకి తగ్గింది. పై శనివారం మళ్ళీ అంతే. ఆ పై శనివారం మొహం పాలిపోయింది, చెమటలు పట్టాయి. అప్పుడు ఆయనే భయపడి గ్లాసు బోర్లించేశాడు. నేను వంటగదిలోకెళితే మా అక్క కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. "పనిచేస్తోందిరా! రెండు పొట్లాలు వెయ్యనా?" అంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. గ్లూకోజు ఏం పనిచేస్తుందమ్మా! అది పొడి పని కాదని ఆ ఇంట్లో, ఆ మాటకొస్తే ప్రపంచం మొత్తంలో, తెలిసింది నా ఒక్కడికే. చెప్పాలా వద్దా? "ఒకటి చాల్లే అక్కా" అన్నాను. అదీ నేను చేసిన ఘనకార్యం.

అక్క పేరు వీధంతా మోగిపోయింది. టైలరు పెళ్ళాం, పక్కింటావిడ, ఎదురింటి టీచరమ్మ, అందరూ నా కౌంటరు ముందు వరస. అందరికీ పొట్లాలే. వాళ్ళాయనలు మాత్రం నిక్షేపంగా తాగుతూనే ఉన్నారు. "మీ తమ్ముడు నీకు అసలుదిచ్చి మాకు కల్తీదిచ్చాడు" అని అక్కతో పోట్లాట. ఈ లోపల ఎముకల డాక్టరు బావని చూసి, నిచ్చెన పనివల్ల నరం పట్టేసిందని మెడకి పట్టీ వేశాడు. మా బావ ఊరుకుంటాడా, ఆ పట్టీ మీద టై బొమ్మ గీసుకుని తిరిగాడు. నవ్వుతూనే ఉన్నాడు గానీ సాయంత్రమయ్యేసరికి జ్వరం తగిలేది. నాకు అన్నం సయించేది కాదు. రోజూ పొద్దున్న ఇవాళ చెప్పేస్తాను అనుకునేవాణ్ణి. అక్క మొహం చూసి మింగేసేవాణ్ణి. అలా రెండు నెలలు.

చివరికి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. ఒక డాక్టరమ్మ, తల నెరిసిన మనిషి, తొందరనేది తెలియదు. ఒక్కొక్కటే అడిగి రాసుకుంటోంది. తాగుతారా అంది. "మానేశానండీ, తాగితే మెడ పీకేస్తోంది" అన్నాడు బావ. ఆవిడ కలం ఆగింది. "మళ్ళీ చెప్పండి" అంది. బావ మళ్ళీ చెప్పాడు, ఈసారి వేళాకోళం లేకుండా. అప్పుడు మా అక్క గొంతు సవరించుకుని, "అది నేనేనండీ, కాఫీలో పొడి కలుపుతున్నాను" అంది. బావ కళ్ళు ఇంతింతయ్యాయి. "ఓ, అదా" అని డాక్టరమ్మ రాసింది కొట్టెయ్యబోయింది. నిజంగా కొట్టెయ్యబోయింది తల్లీ, నా కళ్ళారా చూశాను. కలం కాగితం మీద ఆనింది. అప్పుడొచ్చింది నాకు నోరు. "గ్లూకోజండీ! ఉత్త గ్లూకోజు!" అని అరిచాను. బయట బల్లల మీద కూర్చున్నవాళ్ళు కూడా లోపలికి తొంగి చూశారు. బావ పగలబడి నవ్వాడు, దగ్గొచ్చేదాకా నవ్వాడు. అక్క నావైపు చూసిన చూపు గురించి నేను చెప్పను. డాక్టరమ్మ నవ్వలేదు. ఆ టై బొమ్మ పట్టీ విప్పించి, వెనకగా నిలబడి, ఆ గుంటలో వేళ్ళు పెట్టి మెల్లిగా వెతికింది. "ఉన్నాయి, రబ్బరు గింజల్లా" అంది. తర్వాత ఛాతీకి ఎక్స్‌రే ఫిల్ము తీస్తే లోపల ఇంత నీడ. ఒక గడ్డ కోసి తీసి ల్యాబుకి పంపారు. ల్యాబులో ఉండేవాడు మా షాపు ఖాతాదారే, నన్ను పిలిచి మైక్రోస్కోపులో చూపించాడు. ఒక్క కణంలో రెండు పెద్ద కళ్ళు, గుడ్లగూబ చూస్తున్నట్టు. దానికేదో ఇద్దరి పేర్లు కలిపి పేరుంది, నువ్వు చదివే ఉంటావు, నాకు నోరు తిరగదు. నయమయ్యే రకమేనంది డాక్టరమ్మ. అని నావైపు తిరిగి, "రెండు నెలల ముందే నోరు విప్పాల్సింది" అంది. అంతే అంది. ఇంకొకరైతే తిట్టేవారు, తిడితే బాగుండేది.

మీ నానమ్మ నాతో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది, మాటుండేది కాదు. నేనెదురుగా ఉన్నా "ఏమండీ, మీ బావమరిదికి ఇంకాస్త కావాలేమో అడగండి" అనేది. బావకి సెలైన్లు, కరెంటు పెట్టడం, అన్నీ అయ్యాయి. జుట్టు రాలింది, కనుబొమలు కూడా పోయాయి. సన్న కుంచెతో కనుబొమలు తనే గీసుకునేవాడు, రోజుకో రకం. అక్కకి కోపమొచ్చిన రోజు ఆశ్చర్యపోయిన కనుబొమలు గీసుకునేవాడు. ఏడాదికి ఫిల్ములో నీడ పోయింది. "ఫిల్ముల సంగతి వాళ్ళు చూసుకుంటారు, నా పరీక్ష నాకుంది" అన్నాడు బావ. గ్లాసు ఎవరు తెచ్చారనుకున్నావు? మా అక్క! తన చేత్తో పోసి, ఎదురుగా కూర్చుని, గోడ గడియారం వంక చూస్తోంది. ఐదు నిమిషాలు. ఏడు నిమిషాలు. ఎనిమిదో నిమిషంలో బావ "అబ్బా!" అని మెడ పట్టుకున్నాడు. అక్క ప్రాణం పోయినంత పనైంది. ఆయన కన్ను గీటాడు. ఆ చెంపదెబ్బ వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. కొట్టి, నేల మీద కూలబడి భోరుమని ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, ఏడాది తర్వాత మొదటిసారి నాతో మాట్లాడింది. "ఒరేయ్, ఆ మిగిలింది నువ్వు తాగెయ్, ఈయనకి చాలు" అంది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

అప్పట్నుంచి ఏడాదికొకసారి, అదే రోజున, ఒకే గ్లాసు. పోసేది అక్క. ఆరేళ్ళు సాగింది. ఏడో ఏడు... ఇది మీ నాన్నకి కూడా తెలియదు. ఏడో ఏడు తాగి, బావ కబుర్లలో పడ్డాడు. ఎప్పుడూ లేనంత తీరుబడిగా మాట్లాడుతున్నాడు. నేను పక్కనే ఉన్నాను. మంచం కింద ఆయన కాలివేళ్ళు చాపని పట్టుకుని బిగుసుకుపోయాయి. "ఏమండీ?" అంది అక్క. "ఏముందీ, ఏమీ లేదు, నిక్షేపంలా ఉన్నాను" అన్నాడు. అక్క గ్లాసు తీసుకుని లోపలికెళ్ళింది. అప్పుడు నా చెయ్యి పట్టుకుని, మెల్లిగా, "పొద్దున్నే డాక్టరమ్మ దగ్గరికి పోదాం, నువ్వూ నేనూ. ఈ పూటకి మీ అక్కని అన్నం తిననియ్యరా" అన్నాడు. మర్నాడు డాక్టరమ్మే ముందు కనిపెట్టిందనుకుంటుంది మా అక్క, ఇప్పటికీ. ఆ సాయంత్రం వంటగదిలోంచి పాట వినిపిస్తోంది. మా అక్క పాడటం అంతకుముందు నేనెప్పుడూ వినలేదమ్మా, గొంతు బాగుండదు తనకి, అయినా అలా పాడుతూనే ఉంది, మేమిద్దరం ఇక్కడ కూర్చుని...

ఆ, ఏం లేదక్కా! దీనికి పరీక్షలటగా, ప్రశ్నలడుగుతున్నాను. ఏమ్మా, గుండెకి గదులెన్ని? చెప్పు, గట్టిగా చెప్పు, నానమ్మకి వినపడాలి.