ఆగు అన్నాడా?

మీకేం లెండి! చచ్చి హాయిగా ఉన్నారు. ఈ కోర్టు కచేరీ వరండాలో బల్ల మీద కూచుని, వచ్చే పోయే ప్రతి మగాడూ ఎగాదిగా చూస్తుంటే తల దించుకుని చెమటలు కక్కుతున్నది నేను.

ఆదివారమొస్తే మన రాయపూర్ రైల్వే క్వార్టర్స్‌లో మొగుళ్ళంతా ఏం చేసేవారండీ? పేకాడేవారు. లేదంటే ఇంత తిని ముసుగు తన్నేవారు. మీకో? కొండలు! ఎవరూ నడవని దారులు! ఎవడో వదిలేసిన కొంప, ఎక్కడో కూలిన గోడ, గడ్డి మొలిచిన బాట. శనివారం ఇంజన్ల షెడ్డులో డ్యూటీ దిగడం, చిన్న రైలుబండెక్కడం, అభన్‌పూర్ దాటి ధమ్తరీ చేరడం, అక్కణ్ణించి అడవిలో పడ్డం. "ఆ పాడుకొంపల్లో ఏటుందండీ?" అంటే, "మనుషులున్న చోట రోజూ చూస్తూనే ఉన్నాం కదే, వెళ్ళిపోయిన చోటు చూడాలి" అనేవారు.

చూశారు కదా. తనివి తీరిందా?

నవ్వకండి. నాకు ఒళ్ళు మండుతోంది.

అదిగో, ఎదర గోడవార కూచోబెట్టారు వాణ్ణి. చేతులకి బేడీలు. మీ పరదేశే. ఆ పేరు విని మొదట్లో మనవాడే అనుకున్నాం, గుర్తుందా? విజయనగరం వైపు పరదేశులకేం తక్కువ? మా మేనమామ పేరే పరదేశి. అందుకే మీరు ఇంటికి తీసుకొచ్చిన రోజున "ఏ ఊరు నాయనా మీది?" అనడిగాను. వాడు తెల్లమొహం వేశాడు. తీరా చూస్తే ధమ్తరీ అవతలి పల్లె వాడిది, వాడి భాష ఛత్తీస్‌గఢీ, షెడ్డులో బొగ్గెత్తే ఖలాసీ. మీరు పడీపడీ నవ్వారు. అప్పట్నించి మీ కొండలకి వాడే దారి చూపేవాడు.

వాడికి తెలుగు నేర్పింది ఎవరండీ? మీరు కాదూ? "రా, తిను, ఆగు, ఫో" అని చిలక్కి నేర్పినట్టు నేర్పారు. ఇప్పుడదే వాడి మెడకి చుట్టుకుంది.

ఆ రోజు నన్నెందుకు రమ్మన్నారండీ? "ఒక్కసారి రావే, వేటకొచ్చే దొర కట్టుకున్న బంగళా, కిటికీలోంచి చెట్టు మొలిచింది, చూద్దువు గాని" అన్నారు. ఎన్నడూ లేంది మొగుడు బతిమాలితే ఏ ఆడది రాదు? వచ్చాను. కొండెక్కేసరికి కాళ్ళు పీకి, అడ్డంగా పారే ఆ గెడ్డ ఇవతల రాయి మీద కూలబడ్డాను. గెడ్డ మీద దొర నాటి చెక్కవంతెన. ముందు పరదేశి దాటాడు. వెనకాల మీరు. సగం దాటారో లేదో ఫెళఫెళమంది.

అవతల గట్టు మీంచి వాడు అరిచాడు. నా చెవికి వినబడింది "ఆగూ! ఆగూ!" అనే. ఒట్టు, అదే వినబడింది. మీరు ఆగిపోయారు. ఇంకాస్త అంగలేస్తే గట్టు అందేది కదండీ! ఎందుకు ఆగారు?

పోలీసు దరోగా అడిగితే అదే చెప్పాను. "ఆగు అన్నాడు. ఈయన ఆగారు. వంతెన విరిగింది." మీ అన్నగారు మల్లేశ్వరరావు బావగారు పక్కనే ఉండి దాన్ని హిందీలోకి మార్చి చెప్పారు. షెడ్డులో మీరెప్పుడో వాణ్ణి నలుగురిలో కేకలేశారట కదా, ఆ పగతో పుచ్చిన చెక్క మీద కావాలని నిలబెట్టి చంపేశాడని ఆయన కేసు. "వాడికి తెలుగొచ్చు, మా తమ్ముడే నేర్పాడు" అన్నారు. అబద్ధమా? కాదే!

నేనూ నమ్మాను. వాడి పెళ్ళాం పిల్లాణ్ణి చంకనెత్తుకుని మన గుమ్మం ముందు ఏడుస్తుంటే తలుపేసుకున్నాను. దుమ్మెత్తి పోశాను కూడా.

మొన్న ఏమైందంటే, కుళాయి కాడ వరసలో ఉన్నాను. వెనకాల ఒక ఛత్తీస్‌గఢీ ఆడమనిషి "ఆఘూ, ఆఘూ" అంది. ఆగాను. అది బిందెతో వచ్చి నా నడుం మీద పడింది. పైగా నన్నే తిట్టింది! "ఆగమని నువ్వే అని నన్ను తిడతావేటే" అని నేను లేచాను. మన పక్కింటి అన్నమ్మ అడ్డమొచ్చి, "నిన్ను ఆగమన్లేదే తాయారూ, ముందుకి నడవమంది. వీళ్ళ భాషలో ఆఘూ అంటే ముందుకి" అంది.

బిందె అక్కడే వదిలేసి ఇంటికొచ్చి పడ్డాను. 

మీకు హిందీ బాగా వచ్చు. వాడు రోజూ మీతో "ఆగే, సాహెబ్, ఆగే" అని హిందీలోనే ముందుకి రమ్మనేవాడు. ప్రాణం మీదికొచ్చేసరికి వాడి నోట వాడి అమ్మ భాష వచ్చింది. మీ చెవిలో మీ అమ్మ భాష పడింది. ఆ ఒత్తు మన చెవికి ఏం తెలుస్తుందండీ? అసలు మిమ్మల్ని "ఆగు" అనేవాళ్ళు ఈ రాయపూర్‌లో మీ అన్నగారు తప్ప ఎవరున్నారు? నేనైతే "ఆగండి" అంటాను. సాహెబ్ అనే వాడు ఆగు అంటాడా అని నాకైనా తోచలేదు. అలా అనేది మీ అమ్మ. అందుకే ఆగారా?

ఇంకోటి ఉంది. వాడి చెయ్యి. వాడు అరుస్తూ చేత్తో రా రమ్మని పిలిచాడండీ. నేను కళ్ళారా చూశాను. దరోగాకి చెప్పలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు. రాత్రి బావగారితో అంటే, "విన్నది చెప్పు చాలు, చూసింది ఎవరడిగారు? నా ఇంట్లో ఉండాలనుకుంటే బుద్ధిగా ఉండు" అన్నారు. క్వార్టర్ ఎలాగూ ఖాళీ చెయ్యమన్నారు. ఆ ఇల్లు తప్ప నాకు దిక్కేదీ? నిజం చెప్పమనో, వద్దనో మీరైనా ఒక్కమాట అనరేం? 

నాకు కోపం వాడి మీద లేదిప్పుడు. అదే నా ఏడుపు. వాడు కాకపోతే మిమ్మల్నెవరు చంపినట్టు? మన మాటనా బోనెక్కించడం?

అదిగో, బంట్రోతు అరుస్తున్నాడు. "తాయారమ్మ బేవా సూర్యారావు!" బేవా అంటే వీళ్ళ భాషలో విధవ. నా నోటితో ఎన్నడూ అనని మీ పేరు, వీడు వీధిలో పెట్టి కేకేస్తున్నాడు. లేస్తున్నాను, ఉండండి.

"ఆఘూ ఆ, దాయీ, ఆఘూ!"

ఒలమ్మో, కాళ్ళు ఆగిపోయాయండీ! బంట్రోతు ముందుకి రా అమ్మా అంటున్నాడని తెలిసి కూడా ఆగిపోయాయి. తెలీని మీరేం చేస్తారు, పాపం! ఇన్నాళ్ళూ మిమ్మల్ని ఊరికే తిట్టాను.

వెనకాల ఎవరో విన్నారా? బావగారే. నా మొహం చూసి ఏదో పసిగట్టారు. "ఆగు తాయారమ్మా, ఒక్కమాట, ఆగు" అంటున్నారు. ఇది మాత్రం అచ్చమైన తెలుగేనండీ.

వెళ్తున్నాను. చెయ్యి సంగతి చెప్పేస్తాను. ఆ కొంప లేకపోతే పోయింది. వదిలేసిన కొంపలు బోలెడున్నాయన్నారు కదా, ఏదో ఒకదాంట్లో పడుంటాను.