మామయ్య ట్యాంకుకి ఒకటే రంగు

హలో… ఆ కసుమీ, నేనే, నీ మొగుణ్ణే, ఇంకెవరుంటారు? తొందరగా చెప్పు, ప్రదర్శన హాలు తలుపులు తీసేస్తున్నారు… మీ నాన్న బయల్దేరాడా?… అప్పుడే రైలెక్కేశాడా! పాత స్నేహితులు కూడానా?… హిగుచి గారు కూడా? అంటే మీ నాన్నతో కలిపి సైన్యంలో ఆ ట్యాంకెక్కిన నలుగురూ వస్తున్నారన్నమాట, నేను చేసిన బొమ్మ ట్యాంకు చూడ్డానికి.

రానీ. మంచిదే. ఒనోదెరాకి ఇవాళ నోరు పడిపోతుంది…

ఎవరేంటి? మా బొమ్మ బళ్ళ క్లబ్బు ఒనోదెరా! రంగుల మేధావి. 'మకాబె గారూ, ఆ రోజుల్లో మన ట్యాంకులకి రెండు రంగులండీ, ఆకుపచ్చ మీద బ్రౌను పట్టీలండీ' అని ఏడాదిగా నా బుర్ర తినేస్తున్నాడు కదా. నేను వింటానా? మా మామగారు ఆ బండి తోలిన మనిషి! పొద్దున్నే లేచి దాని మొహం చూసిన మనిషి! ఆయన ఒకటే రంగన్నాక ఇంక పుస్తకాలెందుకు?… ట్యాంకు ముందు మీ నాన్న దిగిన ఫొటోనా? నలుపు తెలుపుది, అందులో ఏం తేలుతుంది…

ఏంటి, నసుగుతున్నావ్?… అత్తయ్య ఏమంది?… ఏడవడమెందుకు?…

సరిగ్గా చెప్పు.

…ఆకుపచ్చకీ బ్రౌనుకీ తేడా…

తెలీదా? మామయ్యకి?

ఎప్పట్నించి?… పుట్టినప్పట్నించా! ఉండు, ఉండుండు. సైన్యంలో చేరేటప్పుడు కళ్ళు చూస్తారు కదా, రంగు చుక్కల్లో అంకెలు చదవమంటారు… ముందు నిలబడ్డవాణ్ణి అడిగి బట్టీ పట్టాడా! మీ నాన్న?…

ఓరి దేవుడా. అందుకేనా, మాంసం కాల్చుకు తినేటప్పుడు ప్రతి ముక్కకీ 'కాలిందా, కాలిందా' అని అందర్నీ అడుగుతాడు! నేను చాదస్తం అనుకున్నానే…

అంటే ట్యాంకుకి నిజంగానే రెండు రంగులు. ఆయన కంటికే ఒకటి.

…నవ్వకు! నా పరువు సంగతి కాదే, అది పోతే పోనీ. ఆ ముగ్గురూ వచ్చి, 'ఇదేంటి, బ్రౌను ఏదీ?' అంటారు. నేనేం చెప్పాలి? మామయ్యే చెప్పాడనా? ఆయన పక్కనే ఉంటాడు! బతుకంతా దాచుకున్నది, నేను చేసిన బొమ్మ వల్ల, తన వాళ్ళ ముందే…

ఎలా దాచెయ్యను? దీన్ని చూపించడానికే కదా వాళ్ళని వెంటబెట్టుకొస్తున్నాడు!… పడిపోయి విరిగిందని చెప్పనా?… అవునవును, ఆయన ఏడుస్తాడు. నేనూ ఏడుస్తాను.

ఆగు. ఇప్పుడేమన్నావ్?… మళ్ళీ చెప్పు.

…బ్రౌను వేసినా ఆయనకి కనపడదు.

కసుమీ! వేసేస్తా. ఇప్పుడే, ఇక్కడే. వాళ్ళ ముగ్గురికీ రెండు రంగులు కనపడతాయి, మామయ్యకి తన ఒక్కటే కనపడుతుంది. ఎవరి బండి వాళ్ళకి!

కుంచె ఉంది. ఆకుపచ్చ ఉంది. బ్రౌను… లేదు. నేనెందుకు తెస్తాను, లేదు లేదని ఏడాదిగా అరిచినవాణ్ణి!… ఎవరి దగ్గరుంటుందంటే… ఇంకెవరి దగ్గరుంటుంది.

ఫోను పెట్టెయ్యకు. ఇయర్‌ఫోను చెవిలోనే ఉంచుకుంటా.

—ఒనోదెరా గారూ, ఒక్క మాటండీ. మీ దగ్గర బ్రౌను సీసా ఉందా?… ఆ, ఆ బ్రౌనే… అవునండీ, మీరు చెప్పిందే నిజం… అవునండీ, నేనే మూర్ఖుణ్ణి. ఇస్తారా?… ఇప్పుడెందుకని మాత్రం అడక్కండి.

విన్నావా? ఇచ్చాడు. తన కుంచె కూడా ఇచ్చాడు. నవ్వలేదు కసుమీ. నవ్వుంటే బావుండేది.

…వేస్తున్నా, వేస్తున్నా. పట్టీ అంచు గట్టిగా రావాలా, మెత్తగా రావాలా… నాకేం తెలుసు! ఈ బ్రౌను గురించి నేనెప్పుడు చదివాను?… ఒనోదెరా వెనకాల నిలబడి వేలితో చూపిస్తున్నాడు. 'ఫిరంగి గొట్టం మొదట్లో ఇంకాస్త కిందికి' అట… పక్క బల్ల దగ్గరావిడ హెయిర్ డ్రయ్యర్ ఇచ్చింది, ఆరుతోంది…

అదిగో, వచ్చేశారు! అప్పుడేనా! వాసనొస్తుందేమో… వస్తే రానీ.

—రండి మామయ్యా, రండి! హిగుచి గారూ, ఇటు రండి, ఇక్కణ్ణించి బాగా కనపడుతుంది…

మామయ్య వంగి చూస్తున్నాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు… నువ్వు మాట్లాడకు.

…

కసుమీ. ఇప్పుడు మీ నాన్న ఏమన్నాడో తెలుసా? హాలంతా వినపడేట్టు, 'చూశారా మా అల్లుడు! క్లబ్బులో అందరూ రెండు రంగులన్నా, నా మాట మీద ఒక్క రంగే వేశాడు!' అన్నాడు.

అయిపోయింది. ఎదురుగా పచ్చిపచ్చిగా బ్రౌను పెట్టుకుని… ఆయన నోరు ఊరుకోదని నాకు తట్టనే లేదు!

హిగుచి గారు నన్నే చూస్తున్నాడు… ఒనోదెరా నోరు తెరుస్తున్నాడు, ఓరి నాయనో… తొక్కాను. కాలు తొక్కాను.

…హిగుచి గారు మామయ్యతో, 'అవున్రా నుమాతా, ఒకటే రంగు' అన్నాడు. మిగతా ఇద్దరూ 'ఒకటే, ఒకటే' అంటున్నారు. వాళ్ళకి కనపడట్లేదా? కనపడకేం! హిగుచి గారు నన్ను పక్కకి తీసుకెళ్తున్నాడు…

—చెప్పండి హిగుచి గారూ… నాకా? ఇవాళే తెలిసిందండీ… మీకు?…

కసుమీ, వాళ్ళకి మొదట్నించీ తెలుసట. ట్యాంకుకి రంగేసే రోజున ముందే సుద్దముక్కతో గీతలు గీసి, మామయ్య చేతికి ఆకుపచ్చ డబ్బా ఇచ్చి, 'గీతకి ఇటుపక్కంతా నీది, అటుపక్క మేం చూసుకుంటాం' అనేవాళ్ళట. బయటపడితే బండి తోలనివ్వరు కదా… లేదు, ఇంతవరకూ ఈయనతో అన్లేదట. వాళ్ళలో వాళ్ళు కూడా అనుకోలేదట.

ఏడవకే. నువ్వేడిస్తే నాకూ…

ఉండు. ఒనోదెరా బొమ్మ ముందు పెట్టే కార్డు తీశాడు. రంగు దగ్గర ఏమని రాయాలని అడుగుతున్నాడు… నన్ను కాదు, మామయ్యని…

రాశాడు. 'ఆకుపచ్చ ఒక్కటే' అని, మామయ్య అన్నట్టే. నా మీద ఒట్టు! గోరంత రంగు తేడా ఉంటే నిద్రపట్టని మనిషి, గుండ్రటి అక్షరాలతో రాసి, కింద తన సంతకం కూడా పెట్టాడు.

—ఆ, వస్తున్నా మామయ్యా!… ఫొటో తీయమంటున్నాడు. ఉంటా.