మద్దిలేటి జొరాన్ని పట్టిన మేకల డాక్టరమ్మ

మద్దిలేటి అని ఒకాయప్ప, మా పక్కూరే, ఆయప్పకు మేకలంటే పానం. ఎంత పానమంటే, మేక ఈనేటప్పుడు వట్టి చేతుల్తోనే పిల్లను అందుకొని, దాని ముక్కులో ఊది ఊపిరి ఆడించేవాడంట. పొద్దున లేస్తే పొదుగు కింద నోరు పెట్టి పచ్చిపాలు తాగేవాడు. ఆయప్ప పెండ్లాం సుంకమ్మ, నిన్ను కనింది మా అత్తనా, మేకనా అని ఎగతాళి చేసేదంట. ఇట్లా బాగానే ఉండారనుకో. ఏమైందంటే, ఒక ఏడాది మేకలు ఈసుకపోను మొదలుపెట్టినాయి. ఈ పొద్దు ఒకటి నెల తక్కువకే చచ్చిన పిల్లను వేసింది, నాలుగు దినాలకు ఇంకోటి, వారానికి ఇంకోటి. అట్లా ఆరు మేకలు. ఎవరి కన్నో పడిందని దిష్టి తీసినారు, తాయెత్తులు కట్టినారు. చచ్చిన పిల్లలన్నిటినీ మద్దిలేటే ఎత్తి పారేసినాడు, ఏడ్చుకుంటా.

అంతలో ఆయప్పకు జొరం పట్టుకునింది. సాయంత్రమైతే జొరం, తెల్లారితే చెమట, నడుము నొప్పి, మోకాళ్ళ నొప్పి. నాలుగు దినాలు పోతాది, మళ్ళా వస్తాది. మలేరియా అన్నారు, టైఫాయిడ్ అన్నారు, ఎన్ని సూదులేసినా లొంగలేదు. మూడు నెలలకు మనిషి కట్టెపుల్లైపోయినాడు. మేకలూ పోతాండాయి, మొగుడూ పోతాండాడు. సుంకమ్మ ఏం చేస్తాది? సరే, మేకలనన్నా కాపాడుకుందామని పశువులాసుపత్రికి పోయి డాక్టరమ్మను పిల్చుకొచ్చిందంట.

డాక్టరమ్మ పేరు షమీమ్. చిన్న వయసే. మేకల దగ్గర నెత్తురు తీసుకుంటా తీసుకుంటా అరుగు మీదికి చూసింది. మండే ఎండలో కంబళి కప్పుకొని కూర్చున్యాడు మద్దిలేటి. ఎన్ని దినాల నుంచి ఇట్లా అని అడిగింది. మేకలకు పురుడు పోసేదెవరు, పాలు కాంచుకుంటారా లేదా అని అన్నీ అడిగి, ఆఖరికి మెల్లగా అన్నదంట, "అన్నా, మేకలకు ఏముందో నీకూ అదే ఉందని నా అనుమానం."

మద్దిలేటికి కోపమొచ్చింది. "నేనేమన్నా మేకనా?" అన్నాడు.

మీరు నవ్వుతాండారు గానీ సుంకమ్మ నవ్వలేదు. డాక్టరమ్మ, మనుషులకు మందు రాసేది నా పని కాదు, ఇది తీసుకొని పెద్దాసుపత్రికి పోండని చీటీ రాసిచ్చింది. ఆయప్ప రానంటే రానన్నాడు. సుంకమ్మ కంబళితో సహా ఆటో ఎక్కించిందంట. అక్కడ పెద్ద డాక్టరు చీటీ చదివి, నెత్తురు పరీక్ష చేయించి, ఆమె చెప్పిందే నిజం, ఆ చచ్చిన పిల్లల నుంచో పచ్చిపాల నుంచో వచ్చిందన్నాడు. ఆరు వారాలు మాత్రలు. ఒక్క పూట తప్పనీలేదు సుంకమ్మ. జొరం ఎట్ల పోయిందంటే మళ్ళా ఇంటి మొగం చూడలేదు.

మేకల్లో కూడా జబ్బుండేవి తేలినాయి. వాటికి వేరే దొడ్డి కట్టినారు, పోతును వాటి కాడికి పోనీలేదు, ఎవరికీ అమ్మలేదు. మరుసటి ఏడు మంచి మంద ఈనింది చూడు! పదకొండు పిల్లలు, అన్నీ బతికినాయి. మద్దిలేటి మోచేతుల దాకా తొడుగులేసుకొని ఒక్కో పిల్లను గుడ్డతో తుడుస్తాంటే, అవి లేచి నిలబడి పడతాంటే, మళ్ళా లేస్తాంటే, సుంకమ్మ గడప మీద కూర్చొని కండ్లు తుడుచుకుంటా నవ్విందంట. పాలు మాత్రం పొంగినాంకనే గ్లాసులో పోసిస్తాది, ఇప్పటికీ.

ఈ సంగతి ఊరూరా తెలిసింది కదా. ఒక సోమవారం పశువులాసుపత్రి కాడ ఎనుములు, గొర్రెలు, వాటి మధ్యలో మోకాళ్ళ నొప్పుల ముసిలోళ్ళు నలుగురు వరసలో నిలబడినారంట. డాక్టరమ్మ నవ్వలేక నవ్వి, పెద్దాసుపత్రి దావ చూపించింది. నాకెట్లా తెలుసునంటారా? ఆ నలుగురిలో మూడోదాన్ని నేనే.