పోయింది పరుపే

కంపాలా పాత బజారులో పరుపులమ్మే ఆవిడకి చెవి మందం, గొంతు పెద్ద. కొనవచ్చిన కవలల తల్లి నలోంగోకి నడుంనొప్పి.

"పరుపు పోయిందక్కా."

"పరువు పోయిందా, నలోంగో? ఎవడు తీశాడే?"

"మెల్లగా అక్కా, జనం మూగుతున్నారు. పరుపు. చవకలో ఒకటి చూపించు."

"ముక్కల స్పాంజి చవకే, కానీ నెలకే గుంటపడుతుంది. ఇది పలచనే గానీ గట్టిది, నడుముకు ఊతం. మోకాలితో నొక్కు. అణిగి లేవాలి, లేచిపోకూడదు. ఏం, ముఖం మాడింది?"

"పాతది మా ఆయనే మోసుకుపోయాడక్కా, కొత్తావిడ ఇంటికి. నీ కడుపులోనే దాచుకో."

"అయ్యో, నేనెవరికి చెబుతాను? ఇదిగో అమ్మలూ, అపార్థం చేసుకోకండి. నలోంగోకి పోయింది పరువు కాదు, పరుపే. మొగుడు కొత్తావిడ ఇంటికి మోసుకుపోయాడు, అంతే."