ఇయాకోపో పచ్చబొట్టూ, మా లోసా అత్తా

ఎవరూ, లోసా అత్త గురించా? చెబుతా, ఆ చాప ఇటు లాక్కో. ముందు ఇది చూడు, నడుము నుంచి మోకాళ్ల దాకా. సమోవా మొత్తం గాలించినా ఇలాంటి పచ్చబొట్టు దొరకదు. ఇప్పటికీ గబ్బిలం రెక్కలా నిగనిగలాడుతోందా లేదా? పచ్చబొట్టు పొడిచే పంది కోర దువ్వెన మీద సుత్తి పడుతుంటే నేను గురక పెట్టాను. నా గురకకి పగడపు దిబ్బ అవతల చేపలన్నీ వలస పోయాయి. సరేలే, అత్త సంగతి కదా.

అత్త అంటే మా నాన్నకి అక్క, పెదనాన్నకి చెల్లెలు. చేపముల్లులా ఉండేది. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. రోజూ పొద్దున్నే ఊరంతా ఒక చుట్టు చుట్టేది. "వల భేషుగ్గా అల్లావు నాయనా", "పొయ్యి భేషుగ్గా రాజేశావమ్మా", అంతే. పెద్దలు సభ పెట్టి అరిచినా కదలని ఊరు, ఆవిడ వచ్చి పక్కన కూర్చుంటే కదిలేది.

పచ్చబొట్టుకి ఒంటరిగా పడుకోం కదా, నా జతగాడు పెదనాన్న కొడుకు ఇయాకోపో. సగంలో లేచి వెళ్లిపోయినవాడు చచ్చేదాకా సగం మనిషే. ఆ రోజులు తల్చుకుంటే నీళ్ల అడుగు నుంచి పైకి చూస్తున్నట్టుంటుంది. మసి వాసన, కొబ్బరినూనె వాసన, ఎక్కడో పాట, మొహం మీద అత్త విసనకర్ర గాలి. మాకే కాదు, చర్మం లాగి పట్టుకునేవాళ్లకీ విసిరేది. పొడిచే ముసలాయన వేళ్లు నిమిరి, "భేష్ అన్నయ్యా, ఇంకొంచెం" అనేది.

ఒక సాయంత్రం ఒళ్లు కడుక్కోడానికి సముద్రంలో దిగాం. ఇయాకోపో ఇక నీళ్లలోంచి లేవడే. పెదనాన్న గట్టు మీంచి, "ఇంటి పేరు ఉప్పునీళ్లలో కలుపుతావురా" అని కేకలు. అత్త మెల్లిగా, "అన్నయ్యా, వంటవాళ్లు టారో దుంపలు బాగా ఉడికించారు, వెళ్లి ఒక మంచి మాట చెప్పిరా" అని ఆయన్ని పంపేసింది. కట్టుబట్టలతోనే నీళ్లలోకొచ్చి వాడి పక్కన కూర్చుంది.

"నావల్ల కాదత్తా. ఇంక పడుకోను."

"పడుకోకులే. మీ అన్నయ్య పక్కన కూర్చుంటావా? వాడు పైకలా కోతలు కోస్తాడు గానీ, నిద్రలో ఏడుస్తున్నాడు రా. రేపు సగంలో లేచి వెళ్లిపోతాడేమోనని నా బెంగ."

నేను ఏడవడమేమిటి? వాళ్ల వెనకే మెడలోతు నీళ్లలో ఉన్నాను. నోరు తెరిచాను. అత్త వెనక్కి తిరిగి చూసింది. కోపంగా కాదు, వల అల్లేవాణ్ణి చూసినట్టు. ఏడు దీవులకు వినబడే నోరు, మూసేశాను.

మర్నాడు వాడొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "అంతేనన్నయ్యా, భేష్, ఊపిరి తీసుకో" అంటుంటే వాడి కోసం ఒక మూలుగు మూలిగాను. అంత గొప్ప మూలుగు ఈ తీరంలో ఎవరూ మూలిగి ఉండరు. నా వంతయ్యాక, నేను లేచిన చాప మీద వాడే వచ్చి పడుకున్నాడు. ఎవరూ పిలవలేదు. మోకాలి చివరి గీత దాకా మళ్లీ లేవలేదు.

అత్త పోయి ఎంత కాలమైందో. ప్రతి విందులోనూ ఇయాకోపో మొదలెడతాడు: "మా అన్నయ్య ఒట్టి పిరికివాడు, నేను లేకపోతే సగంలో పారిపోయేవాడు." అందరూ నవ్వుతారు. నేనా? అవునురా అంటాను.

అదుగో, వస్తున్నాడు. నోరు మూసుకో. రా తమ్ముడూ, ఇటు నీడలోకి రా. కొబ్బరినీళ్లు తాగుతావా?