ముప్ఫై ఎనిమిది అడుగులు

మళ్ళీనా? ఇప్పుడే కదండీ మార్చాను, పట్టుమని గంట కాలేదు. సరే, ఆ కుర్చీ చెయ్యి పట్టుకుని నిలబడండి. సిగ్గెందుకు, ఈ ఇంట్లో చూసేదాన్ని నేనొక్కదాన్నే.

ఎందుకిలా అవుతోందంటారా? వందసార్లు చెప్పాను, నూట ఒకటోసారి చెబుతాను. మీ తలలో నీళ్ళు చేరాయి. అందరి తలలోనూ ఉంటాయట, ఊరుతుంటాయి, ఇంకుతుంటాయి. మీకు ఊరడమే గాని ఇంకడం లేదు. వంటింటి తూము పూడుకుపోతే ఏమవుతుంది? అదే. లోపలి గదులు ఉబ్బి మెదడుని పుర్రెకేసి నొక్కుతున్నాయట. నొక్కిన చోటికి నెత్తురు సరిగ్గా అందదట. అందుకే కాళ్ళు నేలకి అతుక్కుపోతాయి, బట్టలు తడుస్తాయి, మనుషులు గుర్తుండరు. డాక్టరుగారు బొమ్మ గీసి మరీ చెప్పారు.

నేనెవరినా? మిమ్మల్ని చూసుకునే మనిషిని లెండి.

చూశారా, ఎంత మర్యాదగా అడుగుతారో. "ఎవరండీ మీరు" అట. ముప్ఫై ఒక్కేళ్ళలో మీ నోట "మొద్దు" తప్ప నా పేరు రాలేదు. బళ్ళో డ్రిల్లు మాస్టారు కదా, ఇంటికొచ్చినా మెళ్ళో ఈల తీసేవారు కాదు. ఒక ఈలకి మంచినీళ్ళు, రెండు ఈలలకి కాఫీ, పొడుగు ఈలకి ఎక్కడున్నా నేనే రావాలి. ఓసారి కాఫీ చల్లారిందని, మీ అక్కగారి ఎదురుగా, ఆ గ్లాసు నా నెత్తిన పెట్టి ఎండలో నిలబెట్టారు. ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను, ఏం చెయ్యను? కుక్కిన పేనులా పడుండటం మీ దగ్గరే నేర్చుకున్నాను.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. మీకు నీళ్ళతోనే పోయింది.

పోయిన వారం నడుములో సూది గుచ్చి కాస్త నీరు తీశారు, గుర్తుందా? ఉండదు లెండి. తీశాక నడక బాగుపడితే, తలలోంచి కడుపులోకి సన్న గొట్టం వేస్తారట. నీరు దానంతటదే దిగిపోతుందట. బాగుపడకపోతే వేసి లాభం లేదట. తేడా ఒక్కోసారి మర్నాడు గాని తెలియదని, ఇంట్లో చూసి రాయమని నా చేతికో కాగితం ఇచ్చారు. ఈ గోడ నుంచి ఆ గోడకి ఎన్ని అడుగులు వేస్తున్నారని. అడుగులు తగ్గితే నడక బాగుపడినట్టట. అంతకుముందు ముప్ఫై ఎనిమిది.

మర్నాడు పొద్దున్న ఎవరూ పట్టుకోకుండానే లేచారు. నడిచారు. పదిహేడు. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనేనండీ, ఒట్టు. మీరు ఆ గోడ దగ్గర ఠీవిగా వెనక్కి తిరిగారు, నా వంక చూశారు, గుర్తుపట్టారు.

"ఏం చూస్తున్నావే మొద్దూ, నా ఈల ఎక్కడ పెట్టావు?"

రెండు రోజులు ఈలే ఈల. రెండో రోజు మధ్యాహ్నం కాస్త మెత్తబడ్డారు. ఇన్నాళ్ళూ బట్టలు నువ్వే మార్చావా అని అడిగారు. అవునన్నాను. ఒక్క మంచి మాట అంటారేమోనని చేతులు కట్టుకుని నిలబడ్డాను, సిగ్గులేనిదాన్ని. "ఎవరికీ చెప్పలేదు కదా?" అన్నారు. లేదన్నాను. "చెప్పావో, తోలు ఒలుస్తా" అన్నారు.

మూడో రోజుకి నీళ్ళు మళ్ళీ ఊరాయి. మెళ్ళో ఈల చూసుకుని ఇదేమిటని అడిగారు. ఆ తర్వాత, "ఏమండీ, కాసిని మంచినీళ్ళు ఇస్తారా, శ్రమనుకోకపోతే" అన్నారు. అప్పుడు తీశాను కాగితం. నీరు తీయకముందు ముప్ఫై ఎనిమిది. తీశాక ముప్ఫై ఎనిమిది అని రాశాను.

డాక్టరుగారు ఇవాళ ఫోను చేశారు. "ఏ కాస్త తేడా కూడా లేదా అమ్మా? బాగా గుర్తు తెచ్చుకోండి. ఆలస్యమైతే తర్వాత గొట్టం వేసినా ప్రయోజనం ఉండదు" అన్నారు. లేదండీ అన్నాను.

పాపమే, కాదని ఎవరన్నారు? మీరు కళ్ళు అలా పెట్టి చూడకండి. రేపటికి మీకు ఇందులో ఒక్క ముక్క గుర్తుండదు. నాకే ఉంటుంది.

ఏమిటీ? నాకు పెళ్ళయిందా? అయిందండీ. మా ఆయన అదృష్టవంతుడా? ఏమో మరి. ఇంటికి రారా అంటారా?

మొన్నామధ్య వచ్చారు. రెండు రోజులున్నారు. నేనే పంపించేశాను. ఆ రెండో కాలు ఎత్తండి, పైజామా తొడగాలి.