హార్మోనియం దగ్గర నుంచి వచ్చిన వన్స్ మోర్

సభకు వచ్చిన పెద్దలకు, తెనాలి నుంచి వచ్చిన నాటకాల వాళ్ళకు, చర్చి పెద్దలకు, మా కృపమ్మ వదినకు నమస్కారం. బాపట్ల కాలేజీ పిల్లలూ, వెనక నిలబడకండమ్మా, ముందు కుర్చీలున్నాయి. ఎండన పడి వచ్చారు, కళ్ళు తిరుగుతాయి.

మన హార్మోనిస్టు శాలేమురాజు గారు బుధవారం పొద్దున్న కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే తల వాల్చేశారు. ఈ రేపల్లెలో ఆయన పెట్టె మోగని వీధి ఉందా? ఆదివారం చర్చిలో పాటలు, మిగతా వారమంతా మా పద్యాలు. నేను సీతారావమ్మను. ఆయన వాయిస్తుంటే నలభై ఏళ్ళు రాణి వేషం కట్టినదాన్ని. చదివింది మూడో తరగతి. పద్యాలన్నీ ఆయన నోటి వెంట విని నేర్చుకున్నవే. నాకు ఆయన అన్నయ్య.

ఏడవాలనే వచ్చానండీ. కానీ మొన్న శనివారం బాపట్లలో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తోంది. అది చెప్పకుండా కూర్చోలేను.

ముందు ఆయన ఎలాంటివారో ఒక్క ముక్క. ఒకసారి దుగ్గిరాలలో పసుపు వ్యాపారులు నాటకం పెట్టించారు. నాకు జ్వరం. రాణి కోట విడిచి వెళ్ళే పద్యం పాడాను. జనం వన్స్ మోర్ అన్నారు. మన నాటకాల్లో సంగతి మీకు తెలుసు కదా! జనం అడిగితే చచ్చినవాడైనా లేచి పద్యం పాడి, మళ్ళీ పడుకోవాల్సిందే. రెండోసారి పాడాను. మూడోసారి అడిగారు. నా గొంతు పోయింది. అన్నయ్య టక్కున పెట్టె మూసేసి, "తిత్తి చిరిగిందండీ, క్షమించాలి!" అని దండం పెట్టారు. ఎక్కడ చిరిగింది? శుభ్రంగా ఉంది! "చర్చికి వెళ్ళేవారు, అబద్ధం చెప్పొచ్చా అన్నయ్యా?" అన్నాను. "దేవుడితో నేను మాట్లాడుకుంటాలే, నువ్వు కషాయం తాగు" అన్నారు. అంతటి మనిషి.

ఇక ఈ హరిచందన సంగతి. బాపట్లలో డిగ్రీ చదువుతోంది. మన రాణి నాటకాన్ని కొత్తగా ఆడిస్తానని మా దగ్గరకొచ్చింది. పాత కథ ఏంటి? మంత్రి చాడీలు నమ్మి రాజు రాణిని పొమ్మంటాడు. ఆమె కాళ్ళకు దండం పెట్టి, పద్యం పాడి వెళ్ళిపోతుంది. అంతే. ఈ పిల్ల ఏమందో తెలుసా? ఆ పద్యం మొదట కాలేజీ అమ్మాయి పాడి వెళ్ళిపోతుందట. జనం వన్స్ మోర్ అంటారట. అప్పుడు అదే రాణి ముసలిదై తిరిగొస్తుందట. అదే పద్యం పాడుతుందట. కానీ దండం పెట్టదు, వెళ్ళదు! ఆ ముసలి రాణిని నేనట!

మా పెద్దవాళ్ళంతా మండిపడ్డారు. నాకైతే భయంతో అన్నం సహించలేదు. డెబ్బై నాలుగేళ్ళదాన్ని, మెట్ల మీద పడితే? పద్యం మరిచిపోతే? అన్నయ్య మాత్రం చిన్నపిల్లాడైపోయారు. "నలభై ఏళ్ళు ఆ పద్యాన్ని ఒకే దారిలో నడిపించాం సీతారావమ్మా, దానికీ విసుగొచ్చి ఉంటుంది" అన్నారు. ముఖారి రాగంలో ఏడ్చే పద్యానికి అఠాణా రాగం కట్టారు. అదే పద్యం, అవే మాటలు. అఠాణాలో వింటే నిప్పు!

శనివారం వచ్చింది. హాలు నిండా పిల్లలు. అమ్మాయి ముఖారిలో పాడింది. ఎంత బాగా పాడిందో! వెళ్ళిపోయింది. నేను పక్క తెర వెనక గుండె పట్టుకుని నిలబడ్డాను. ఇప్పుడంటారు, ఇప్పుడంటారు...

ఎవరూ అనలేదు.

ఎందుకంటారు? హరిచందన వాళ్ళ తాతగారు చెప్పిన పాత నాటకాల కబుర్లు విని పెరిగింది. జనం అడగకుండా ఉండరని దాని నమ్మకం. పాపం, ఆ కాలేజీ పిల్లలకు వన్స్ మోర్ అనాలని ఎవరు చెప్పారు? హాల్లో నోరు మూసుకుని కూర్చోవడమే మర్యాద అని నేర్పాం మనం. ఒకళ్ళిద్దరు చప్పట్లు కొట్టి ఆగిపోయారు. వాళ్ళు అడిగితేనే నేను రావాలి. అడగకపోతే నాటకం అక్కడికి సరి! రాణి వెళ్ళిపోయినట్టే, ఎప్పటిలాగే. హరిచందన నా చెయ్యి పట్టుకుంది.

అప్పుడు వినపడింది. "వన్స్ మోర్!"

ఎవరు? మా అన్నయ్య! యాభై ఏళ్ళు స్టేజీ పక్కన కూర్చుని, నాటకం నడుస్తుండగా ఒక్క మాట మాట్లాడని మనిషి, పెట్టె మీద చెయ్యి అలాగే ఉంచి, మెడ పైకెత్తి, "వన్స్ మోర్! ఇంకోసారి రావాలి రాణీగారు!" అని కేకేశారు. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత చూడాలి! హాలు హాలంతా లేచింది. అరుపులు, ఈలలు! ఆ అరుపుల్లోనే అన్నయ్య అఠాణా మొదలెట్టారు. నా మోకాళ్ళ నొప్పి ఎటు పోయిందో! నలభై ఏళ్ళు ఆ పద్యం పాడి వెళ్ళిపోయినదాన్ని, ఆ రోజు వెళ్ళలేదండీ. నిలబడ్డాను. రాజు వేషం కట్టిన కుర్రాడు నిజంగానే రెండడుగులు వెనక్కి వేశాడు!

నాలుగు రోజులకు అన్నయ్య లేరు. ఎల్లుండి ఆదివారం తెనాలిలో ఆడాలి. ఆపేద్దాం అమ్మమ్మా అంది హరిచందన, ఏడుస్తూ. మీ ముందు దాచడమెందుకు, నాకు ప్రాణం తేలికపడింది. ఆయన లేకుండా నేను ఎక్కను అని చెప్పేశాను.

నిన్న కృపమ్మ వదినను పలకరించడానికి వెళ్ళాను. ఓదార్చాల్సింది నేను. ఆవిడే నన్ను కేకలేసింది. "పెట్టె మూలన పెడితే ఎలుకలు కొరుకుతాయి వదినా. నీ భయాలతో నువ్వు ఇంట్లో కూర్చుంటే మీ అన్నయ్య అంత గట్టిగా అరిచింది ఎవరికోసం?" అని మనవరాలు ఫ్లోరెన్స్‌ను పెట్టె ముందు కూర్చోబెట్టింది. ఆ పిల్లకు చర్చి పాటలే కాదు, మన అఠాణా కూడా నేర్పిపోయారు ఆయన. ఒకచోట తను తప్పింది. అదే చోట నేనూ తప్పాను. ఇద్దరం నవ్వుకున్నాం, చావింట్లో. వదిన ఏమీ అనుకోలేదు.

హరిచందనా, విను తల్లీ. నలుగురిలో చెబుతున్నాను, మళ్ళీ మాట మార్చకుండా. ఆదివారం నేను ఎక్కుతున్నాను. భయం పోలేదు, అది పోయేది కాదు. దాన్ని వెంటపెట్టుకునే ఎక్కుతాను. తెనాలి వాళ్ళు ఎంతమంది వస్తే అంతమందీ రండి.

ఇప్పుడు అందరం ఆయన కోసం ఒక్క నిమిషం లేచి నిలబడదాం. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు పక్కవాళ్ళ భుజం పట్టుకోండి, ఏమీ అనుకోరు. కృపమ్మ వదినా, నువ్వు కూర్చో, నీ బదులు కూడా నేను నిలబడతాను. ఆ ఫ్యాన్ కట్టేయండి బాబూ, కిర్రుమంటోంది. ఊ... ఇక ఎవరూ మాట్లాడొద్దు. నేను కూడా.